పీతలత్తమ్మ చిటికెన వేలు

అత్తమ్మ పోయిందని మామయ్య ఫోన్ చేశాడు. అప్పుడు నేను మోవాలో మా ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడి పప్పుకు తాలింపు పెడుతున్నాను. "నిద్రలోనే పోయిందమ్మా, ఏ బాధా పడలేదు" అన్నాడాయన. తాలింపు మాడి ఇల్లంతా పొగ కమ్ముకుంది. ఎవరి ఫోనని మా ఆయన హాల్లోంచి అడిగితే చెప్పాను. ఆయన టీవీ కట్టేసి కూర్చున్నాడు. ఆమె మాటెత్తితే ఆయన నోరు ఇప్పటికీ పెగలదు. ఎందుకు పెగలదో చెప్పాలంటే బీర్‌గావ్ రోజుల దగ్గరికి పోవాలి.

ఆమె నా సొంత అత్త కాదు. పెళ్లయిన కొత్తలో ఈ ఛత్తీస్‌గఢ్ వచ్చి బీర్‌గావ్‌లో ఒక వరస గదుల్లో ఉండేవాళ్లం. మా ఆయనకు ఉర్లాలో ఇనుప ఫ్యాక్టరీలో పని. వరసంతా ఛత్తీస్‌గఢీ వాళ్లు, బిహారు వాళ్లు. తెలుగు ఇళ్లు రెండే, మాదీ పక్క గదిలో అత్తమ్మ వాళ్లదీ. మాది కరీంనగర్ వైపు, వాళ్లది శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు. దిగిన రోజున తెలుగు మాట వినపడేసరికి ప్రాణం లేచొచ్చి బయటికి పరిగెత్తాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఏటే గుంటా, నీళ్లు పట్టీసుకున్నావా?" అంది. మా వైపు గుంట అంటే గొయ్యి. ముక్కూ ముఖం తెలియని మనిషి నన్ను పట్టుకుని గొయ్యి అంటుందేమిటని ఒళ్లు మండిపోయింది. వాళ్ల వైపు గుంట అంటే పిల్ల అని తెలిసేదాకా ముఖం మాడ్చుకునే తిరిగాను.

నీళ్ల మాటతోనే పలకరించడం ఆ వరసలో మర్యాద. అందరికీ కలిపి ఒకటే నల్లా. తెల్లవారకముందే బిందెలు, బకెట్లు, ఆఖరికి పగిలిన మగ్గులు కూడా లైన్లో కూర్చునేవి. ఒకరి వంతు ఒకరు దాటారంటే జుట్లు పట్టుకోవడమే. అత్తమ్మ ఆ లైన్లో మహారాణి. హిందీ అరకొరే గానీ, "ఏయ్, హమారా బిందె! హమారా!" అని ఆమె కేకేస్తే బిహారు మగవాళ్లు కూడా బకెట్ వెనక్కి జరుపుకునేవాళ్లు.

మనిషి పొట్టి. నుదుట పెద్ద బొట్టు, రోకలి పట్టినా ఊడని ముడి. ఎండాకాలంలో కూడా మణికట్టు దాకా జాకెట్టు చేతులుండేవి. సలసల కాగే గిన్నెను గుడ్డ లేకుండా రెండు చేతులతో దించి పక్కన పెట్టేది. నేను కెవ్వుమంటే నవ్వేది. "ఉప్పుగాలికి కాసిన సేతులే ఇవి, నీలాగ బెండకాయలనుకున్నావేటి" అనేది. ఆరేసిన బట్టలు తీసేటప్పుడు ఒక్కో బట్టనూ చెంపకు ఆనించుకుని చూసేది. మామయ్య చొక్కా చెంపకు ఆనించుకోవడం చూసి, ఈ వయసులో ఎంత ప్రేమ అని ముసిముసిగా నవ్వుకున్నాను. తడి ఆరిందో లేదో ఆమె వేళ్లకు తెలియదని, అందుకే చెంపను అడుగుతోందని నాకెలా తెలుస్తుంది?

ఇక పీతలు. మాకు ఎండ్రికాయలు, ఆమెకు పీతలు. మాకు అటు పక్క గదిలో ఉండే ఛత్తీస్‌గఢీ ఆవిడను వరసంతా కాకీ అని పిలిచేది. కాకీ పుట్టిల్లు ఆరంగ్ దగ్గర పల్లె. వానలు పడి వరిమళ్లు నిండాయంటే ఆమె తమ్ముడు గట్ల వెంట బొరియల్లోంచి తీసిన పీతలను తడి గోనెసంచిలో కట్టి పొద్దున్నే బస్సులో పంపేవాడు. కాకీ వాటిని నిప్పుల్లో కాల్చి మిరపకాయతో నూరుకునేది. ఒకసారి అత్తమ్మ పులుసు రుచి చూశాక, సంచి విప్పకుండానే తెచ్చి ఈ గుమ్మంలో పడేయడం మొదలుపెట్టింది. మొదటిసారి అత్తమ్మ సంబరంగా, "హమారా ఆద్మీ కో బహుత్ పసంద్, పీతా, పీతా!" అంది. మా ఆయనకు పీతలు చాలా ఇష్టమని చెప్పబోయి పీతా అనేసరికి, హిందీలో దానికి తాగుతాడని అర్థం కాబట్టి, మామయ్య తాగుబోతని కాకీకి అర్థమైంది. పాపం చుక్క ముట్టని ఆ మనిషిని ఆ తర్వాత చాలాకాలం కాకీ జాలిగా చూసేది.

అత్తమ్మ పీతలు బాగుచేస్తుంటే చూడాలి. వాకిట్లో పీట వేసుకుని, ముందు బకెట్, పక్కన నీళ్ల టబ్. బకెట్లో అవి ఒకదాని మీదొకటి ఎక్కుతూ ప్లాస్టిక్‌ను గీరుతుంటే నాకు పళ్లు జివ్వుమనేవి. ఆమె మాత్రం వాటితో కబుర్లాడేది. "రావమ్మా రా. కోపమొచ్చిందేటి? వొస్తాదిలే. నాకూ వొస్తాది, ఏటి సేస్తాను" అంటూ వెనక నుంచి డిప్ప మీద ఒత్తి పట్టుకుని, ముందు రెండు డెక్కలూ మెలితిప్పి తీసేది. తర్వాత కాళ్లు. వెల్లకిలా తిప్పి, పొట్ట కింద మూత లేపి, డిప్పను ఒక్క లాగున ఊడదీసేది. లోపల రెండు వైపులా మెత్తటి ఈకల్లాంటివి ఉంటాయి, వాటిని గీకి పారేసేది. మళ్ల పీతలు చిన్నవి, కాళ్లలో తినడానికేమీ ఉండదు. అందుకని కాళ్లన్నీ రోట్లో దంచి, నీళ్లు పోసి పిండి, ఆ రసాన్ని వడగట్టి పులుసులో పోసేది. పులుసు రుచంతా ఆ రసంలోనే ఉండేది.

"ఎనకనుంచి పట్టుకోవాలే గుంటా. ఎదురుగా ఎల్తే అదీ నీలాగే, ఊరుకోదు" అని నన్ను ఎగతాళి చేసేది.

ఆ రోజు మధ్యాహ్నం అలాగే కూర్చున్నాం. ఆమె తన చిన్నప్పుడు పడవ మీద చేసిన అల్లరేదో చెబుతోంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. టబ్‌లో నీళ్లు ఎర్రబడుతున్నట్టు అనిపించింది. పీతలకు ఎర్రటి నెత్తురుండదు కదా అనుకుంటూ తలెత్తి చూశాను. ఆమె ఎడమచేతి చిటికెన వేలిని ఒక పీత డెక్కతో కరిచి పట్టుకుని వేలాడుతోంది. నెత్తురు మణికట్టు మీదుగా కారుతోంది. ఆమె నవ్వుతూ పడవ కథ చెబుతూనే ఉంది.

"అత్తమ్మా! వేలు! నీ వేలు!"

"ఏ వేలు?" అంది.

ఆమె తన చేతి వంక చూసుకుంది. వేరెవరి చేతినో చూస్తున్నట్టు కాసేపు అలాగే చూసింది. తర్వాత ఏ తొందరా లేకుండా డెక్క విరిచి తీసేసింది. వేలు ఎముక కనిపించేంత తెగింది. ఆమె నోటి వెంట అబ్బా అన్న మాటైనా రాలేదు.

"అరవకు" అంది, అటూ ఇటూ చూసి. "తలుపెయ్యి ముందు."

లోపల జాకెట్టు చెయ్యి పైకి లాగి చూపించింది. ముంజేతి మీద అరచేయంత తెల్లటి మచ్చ. అక్కడ సూది గుచ్చినా తెలియదట. చేతులు కూడా కొన్నాళ్లుగా మొద్దుబారిపోయాయట. "పెద్దరోగమే" అంది. ఆ మాట మా కరీంనగర్‌లోనూ ఉంది. కుష్టు అనడానికి నోరు రాక అనే మాట. నిజం చెప్పొద్దూ, ఒక్క అడుగు వెనక్కి వేశాను.

ఆమె అది చూసింది. "మా మేనత్తకి ఇలాగే వొచ్చింది. పశువుల సాలలో పడుకోబెట్టీసినారు. దాని సెంబు ఏరే, కంచం ఏరే. నూతి కాడికి రానిచ్చీవోరు కాదు, దూరంనించి నీళ్లు ఒంపీవోరు. దప్పికతో ఏడిసీది" అంది. వేలికి గుడ్డ చుట్టుకుంటూ, "ఇక్కడ తెలిస్తే నన్ను నల్లా కాడికి రానిస్తారేటే? ఈ సేతి నీళ్లు పడితే ఆ నీళ్లు ఎవలు తాగుతారు? ఒట్టెయ్యి, ఎవలికీ సెప్పనని" అంది.

ఒట్టు వేయలేదు, తిట్టాను. "గట్లనే మురగబెట్టుకుంటవా? మందులేవా? లోకంల నీకొక్కదానికే వచ్చిందా?" అని అరిచాను. భయమేస్తే నాకు కోపం వస్తుంది. మా వీధికి ఆరోగ్యం సంగతులు అడగడానికి వచ్చే మితానిన్‌ను, అంటే అక్కడి ఆశా వర్కర్‌ను, ఎవరికో అన్నట్టు అడిగి, రెండు రోజుల తర్వాత అత్తమ్మను సర్కారు ఆసుపత్రికి లాక్కెళ్లాను. డాక్టరమ్మ చేతులు పట్టుకుని చూసింది. ఆమె అలా పట్టుకోవడమే అత్తమ్మకు సగం వైద్యం అయింది. ఏడాదిపాటు బిళ్లలు మింగాలి, మందు మొదలుపెట్టాక ఇంకొకరికి అంటుకోదు, తగ్గిపోతుంది, కానీ పోయిన స్పర్శ తిరిగి వస్తుందని చెప్పలేం, నిప్పుతో, కత్తితో జాగ్రత్త అని చెప్పింది.

బిళ్లల అట్టలు కొంగులో దాచుకుని ఇంటికొచ్చేసరికి గుమ్మంలో కాకీ నిలబడి ఉంది. "కా హోగే?" అంది, ఏమైందని. అత్తమ్మకు అబద్ధం చేతకాదు, నిజం చెప్పే ధైర్యమూ లేదు. తలొంచుకుని, నోటికొచ్చిన హిందీలో, "బడీ బీమారీ" అంది.

కాకీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "కైన్సర్?" అంది గుసగుసగా.

అత్తమ్మ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. కాకీ ఆమెను వాటేసుకుని బావురుమంది. లోపలికి వచ్చాక నేను నిలదీస్తే, "నానబద్ధమాడినానేటే? పెద్దరోగమంటే బడీ బీమారీ కాదేటి?" అంది. ఆమె మొహం చూస్తే తెలియక అన్నదో తెలిసి అన్నదో నాకైతే ఈ రోజుకీ తేలలేదు.

అక్కడి నుంచి మొదలైంది అసలు నరకం. సాయంత్రానికి వరసంతా తెలిసిపోయింది, అత్తమ్మకు కైన్సర్ అని. నల్లా దగ్గర ఆమెకు లైన్ లేకుండా పోయింది. ఆమె బిందె కనబడితే చాలు, అందరూ పక్కకు జరిగి ముందు ఆమెకు పట్టించేవాళ్లు. బిహారు ఆవిడ బొప్పాయి తెచ్చిచ్చేది. కాకీ సోమవారం సోమవారం ఆమె పేరు మీద ఉపాస్ మొదలుపెట్టింది. రోజూ వచ్చి తలకు నూనె రాసేది, ఆ మొద్దుబారిన చేతులను తన ఒళ్లో పెట్టుకుని ఒత్తేది. అత్తమ్మ గుడ్లప్పగించి నా వైపు చూసేది. తెలిసిన రోజున ఈమె ఏం చేస్తుందో అన్న భయం ఆ చూపులో స్పష్టంగా కనపడేది. మందులకు ఆమె ఒళ్లు నల్లబడుతుంటే, చావు దగ్గరికొచ్చిందనుకుని కాకీ ఇంకా ఎక్కువ ఏడ్చేది. గుమ్మం దగ్గర మితానిన్ గొంతు వినపడితే, బిళ్లల మాట ఎత్తుతుందేమోనని నాకూ అత్తమ్మకూ పై ప్రాణాలు పైనే పోయేవి.

అంటే, మాట తప్పుగా అర్థమైన వాళ్లు ఆమెను ఒళ్లో పెట్టుకుని చూశారు. సరిగ్గా అర్థమైన ఇల్లు ఒక్కటే ఉంది, అది మాది. మామయ్య ఒకరోజు దిగులుతో మా ఆయన దగ్గర నోరు జారాడు. తెలుగులోనే చెప్పాడు, పెద్దరోగమని. ఆ రోజు మా ఆయన ఇంటికొచ్చి స్నానం చేశాడు, మళ్లీ చేశాడు.

"ఇగ ఆ గడప తొక్కినవంటే నా ఇంట్ల ఉండకు" అన్నాడు.

"అంటదని డాక్టరమ్మ చెప్పింది."

"డాక్టరమ్మ ఆమె చేతి కూర తింటదా?"

ఇద్దరం గొంతులు చించుకోలేక, గోడకు అవతల ఆమె వింటుందని పళ్లు బిగించి పోట్లాడుకున్నాం. అయినా ఆయన డ్యూటీకి వెళ్లగానే నేను వెళ్లేదాన్ని. నేను పోయేసరికి నా కోసం వేరే గ్లాసు కడిగి బోర్లించి ఉండేది. అంటే గోడ అవతల నుంచి ఆమె విననిదేమీ లేదు.

ఆమె వండిపెట్టడం మానేసింది. ఎవరికీ చెంచాడు కూర కూడా పంపేది కాదు, ఓపిక లేదనేది. మరుసటి వానలకు ఆరంగ్ నుంచి గోనెసంచి దిగింది. కాకీ దాన్ని తెచ్చి అత్తమ్మ ముందు పెట్టి, ఆమె గడ్డం పట్టుకుంది. "మోలా తోర్ హాథ్ కే ఖవా దే" అంది. నీ చేత్తో ఒకసారి తినిపించు, మళ్లీ ఏడాదికి నువ్వుంటావో ఉండవో అని దాని అర్థం. అత్తమ్మ సంచి మూతి విప్పింది.

"నువ్వు కూకో. నా ఏళ్లకి నీ కళ్లు కావాల" అంది నాతో. "పడితే సెప్పు. నాకు తెల్దు."

ఆ రోజు కబుర్లు లేవు. ఆమె వెనక నుంచి డిప్ప పట్టుకోవడం, నేను ఆ పది వేళ్లనే రెప్ప వేయకుండా చూడటం. ఒక పీత డెక్క చాచి చిటికెన వేలి మీదికి వచ్చింది. "ఎడమ! ఎడమ చెయ్యి!" అని అరిచాను. ఆమె విదిలించింది. ఇంకోటి జారి గోడ వారకు పరిగెత్తింది. పట్టుకోవడానికి పోతున్న ఆమె చేతిని నేనే ఆపి, వెనక నుంచి నేనే పట్టుకున్నాను. "నేర్సుకున్నావే గుంటా" అంది, ఆ కంగారులోనూ. కాళ్లు దంచి రసం తీసి, చింతపండు పిసికి, మిరియాలు ధనియాలు వెల్లుల్లి నూరి పులుసు పెట్టింది. గిన్నె దించేటప్పుడు, డాక్టరమ్మ చెప్పినట్టు రెండు మడతల గుడ్డ పట్టుకుంది.

కాకీ పీట మీద కూర్చుంది. పళ్లెంలో పులుసు వడ్డించి అత్తమ్మ చేతులు కొంగులో దాచుకుంది. కాకీ డిప్ప ముక్క ఒకటి తీసి నోటి దగ్గర పెట్టుకోబోతోంది. ఆ సమయానికి మా ఆయన వచ్చాడు. ఫర్నేసు ఆగిపోయిందని ఆ రోజు తొందరగా వదిలేశారట. నన్ను ఆ గుమ్మం లోపల చూసేసరికి ఆయనకు తల తిరిగిపోయింది.

"కాకీ, మత్ ఖాఓ!" అని అరిచాడు, తినొద్దని. "కైన్సర్ నహీ. ఇస్కో కోఢ్ హై!"

కోఢ్ అంటే కుష్టే, అందులో తికమక పడే వీలు లేదు. కాకీ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. పులుసు చుక్కలు పళ్లెంలో పడుతున్నాయి. నల్లా దగ్గర ఎవరో బకెట్ దింపిన చప్పుడు వినపడింది. నాకు మా ఆయన పీక పిసికేయాలన్నంత కోపం వచ్చింది.

కాకీ ఆ ముక్కను మెల్లగా పళ్లెంలో పెట్టింది. అత్తమ్మను చూసి, "కైన్సర్ నహీ?" అంది.

"నహీ."

"త తై మరబే నఈ?" అయితే నువ్వు చావవా అని.

"నహీ" అంది అత్తమ్మ, అదేదో తన తప్పయినట్టు. "గోలీ ఖాతా. అచ్ఛా హోతా." బిళ్లలు మింగుతున్నాను, తగ్గిపోతోంది అని.

కాకీ లేచింది. చెయ్యి కడుక్కుంది. మా ఆయనను భుజంతో నెట్టుకుంటూ బయటికి పోయింది. ఆమె గది తలుపు ధడాలున పడింది.

అత్తమ్మ గిన్నె మీద మూత పెట్టింది. ఏడవలేదు. "ఎల్లే గుంటా, నల్లా కాడ నా బిందె ఉంది. తీసుకొచ్చీ" అంది. "ఎవలో తన్నీకముందే మనమే తెచ్చీసుకుంటే మర్యాదగుంటాది."

నేను కదలలేదు.

కాకీ గది తలుపు మళ్లీ చప్పుడైంది. ఆమె తన అన్నం గిన్నె చంకన పెట్టుకుని వచ్చింది. మా ఆయన ఇంకా గుమ్మంలోనే ఉంటే, "హట్!" అంది. లోపలికి వచ్చి, గిన్నె దబ్బున దించి, పీట లాక్కుని కూర్చుని తిట్లు లంకించుకుంది. చచ్చిపోతావనుకుని ఎన్ని సోమవారాలు కడుపు మాడ్చుకున్నాను, ఎంత నూనె తగలేశాను, ఎన్నిసార్లు గుండెలు బాదుకుని ఏడ్చాను, ముందే చెప్పొచ్చు కదే దొంగమొహమా అని వాయించేసింది. పళ్లెం నిండా అన్నం పెట్టుకుని, పులుసు వంచుకుని, డిప్ప ముక్క నోట్లో పెట్టి కొరికింది. నమిలింది. నములుతూనే అత్తమ్మ వైపు వేలు చూపించి, "కాలీ లే మోర్ పాఛూ లైన్ మ ఖడే హోబే!" అంది.

అత్తమ్మకు అంత వేగంగా మాట్లాడితే అర్థం కాదు. నా చెయ్యి పట్టుకుంది. "ఏటంటందే?"

"రేపటి సంది లైన్ల ఆమె ఎనకాల నిలబడాల్నంట. చావవు గద, ఇగ నీకు ముందు వదిలేది లేదంట" అన్నాను.

"నన్నేనేటి? నల్లా కాడ? లైన్లోనా?"

"ఔ, లైన్లనే."

ఆమె కళ్లలోంచి నీళ్లు బొటబొటా రాలాయి. మణికట్టుతో తుడుచుకుని, ముక్కు ఎగబీల్చి, కాకీ వైపు గడ్డం ఎగరేసింది.

"ఎనకాల నిలబడీది ఎవలే? దానికంటే ముందు లెగుస్తాను నాను. సెప్పు దానికి!"